అరువు చుక్క

చుక్క రక్తం చాలంటారు గానీ, ఆ చుక్క కోసం రోజూ పొద్దున్నే వేలు పొడుచుకోవడం ఎంత చిరాకో ఆ మిషను తయారుచేసినవాడికేం తెలుసు. పైగా అది నోరు లేనిదేం కాదు. దానికి దోపిన పట్టీ రక్తాన్ని పీల్చుకోగానే అందులో పుట్టిన కాస్త కరెంటునీ కొలిచి, షుగరెంతో తేల్చి, ఆ అంకెను తిన్నగా డాక్టరైన కూతురి ఫోనుకి మోసేస్తుంది.

ఆ రోజు మోసింది రెండువందల ముప్ఫై ఒకటి. అంతంత రావడం వరసగా మూడో రోజు.

"ఏం తింటున్నావు నాన్నా?"

"ఏం తింటానమ్మా, గాలి."

"గాలికి షుగరు పెరగదు. మూడు నెలలు అదుపులో ఉంటే ఇన్సులిన్ వద్దన్నానా? ఎనభై ఏడు రోజులు బుద్ధిగా ఉన్నావు, ఇప్పుడేం పుట్టింది? సాయంత్రం సూదులు తెస్తున్నా."

రిటైరైన హెడ్మాస్టరుగారు ఫోను పెట్టేశారు. కాపీ కొట్టిన పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు బెంచీ ఎక్కించిన మనిషి, తల ఎత్తలేకపోయారు. ఆ చుక్క ఆయనది కాదు. మొదటి రోజు నుంచీ భార్యది. "నీకు జలుబైనా రాదు కదా. పైగా అర్ధాంగివి, నా రక్తంలో సగం నీదే" అని వేలడిగితే ఆవిడ కిక్కురుమనకుండా ఇచ్చింది.

"వేలికి చక్కెర అంటిందేమో, సబ్బుతో కడుక్కురా," అన్నారు.

కడుక్కొచ్చింది. మళ్ళీ పొడిచారు. రెండువందల ఇరవై ఎనిమిది.

ఆయన మిషను పక్కన పెట్టేశారు. "ఏమే, నీకూ వచ్చినట్టుందే. సూదికి భయపడి నీ వేలు పొడిచానని అమ్మాయితో చెప్పేస్తా. నా పరువు పోతే పోయింది, ముందు నీకు మందు పడాలి."

"నాకు కొత్తగా రాలేదులెండి," ఆవిడ దూది నొక్కుకుంటూ అంది. "రెండేళ్ళయింది. మీ ఒక్కరి పథ్యంతోనే ఇల్లు పీకి పందిరేస్తున్నారు, ఇక నాది కూడానా అని చెప్పలేదు. మాత్రలు పక్కింటావిడ తెచ్చిపెట్టేది. ఆవిడ ఊరెళ్ళింది. అవి అయిపోయి నాలుగు రోజులు."

ఫోను మళ్ళీ మోగుతోంది. ఇద్దరూ దాని వంకే చూస్తున్నారు, ఎత్తడం లేదు. బాబ్బాబు, మీకేమైనా తోస్తే చెప్పండి: సాయంత్రం ఆ పిల్ల ముందు మొదట ఎవరు చెయ్యి చాపాలి?