మామయ్య ఆకు పొడి

అమ్మ ముఖం నిండు చందమామలా గుండ్రంగా తయారైంది.

చూసినవాళ్ళంతా ఒళ్ళు చేసిందన్నారు, మంచిదేనన్నారు. నా మనసు మాత్రం కీడు శంకించింది.

ఏడాదిగా అమ్మ కీళ్ళవాపుకని పొద్దున్నే ఒక చెంచా ఆకు పొడి వేసుకుంటోంది. తయారుచేసి అమ్మేది మామయ్య, అమ్మకి సొంత తమ్ముడు.

వారం తిరక్కుండానే వేళ్ళ వాపు దిగింది. తడిబట్టలు తనే పిండుకుంది. నా తమ్ముడు దేవుడని వీధంతా చాటింపు వేసింది.

ఆ ఆకు నాకు కొత్తేం కాదు. అందరూ వండుకు తినేదే. మా ల్యాబులో దాని రసం ఎలుకలకు పట్టించి చూశాం. వాపు తగ్గుతుంది, కాకపోతే మెల్లగా, కొద్దికొద్దిగా. వారంలో కీళ్ళు వంచేంత మహిమ దానికి లేదు.

అందుకే చిటికెడు పొడి పట్టుకెళ్ళి మిషన్‌లో పరీక్షించాను.

తెర మీద ఆకు తాలూకు గీత చిన్నగా లేచింది. పక్కనే తాడిచెట్టంత ఇంకో గీత.

స్టెరాయిడ్.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఒళ్ళు మండిపోయింది నాకు.

దానివల్లే అమ్మకి షుగరొచ్చిందన్నాడు డాక్టరు. ఎముకలు గుల్లబారాయన్నాడు. పోనీ మానిపిద్దామంటే, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందట. మెల్లగా తగ్గించాలి, అందుకు రోజూ ఎంత లోపలికి వెళ్తోందో తెలియాలి. చూస్తే డబ్బా డబ్బాకీ పాళ్ళు మారుతున్నాయి.

మామయ్యను పిలిపించాను. ఎప్పటిలాగే వచ్చి మంచం మీద అమ్మ పక్కన కూర్చున్నాడు.

“ఎంత కలుపుతున్నావు మామయ్యా?”

మొదట బుకాయించాడు. పరీక్ష కాగితం ముందు పెట్టాక గొంతు తగ్గింది.

“ఎంతని చెప్పనే? చేతి అంచనా.”

తోడబుట్టినదాని ప్రాణం చేతి అంచనా. ఇంకొకడైతే చెంప పగలగొట్టేదాన్ని.

పైగా మేలు చేసినట్టే చెప్పుకొచ్చాడు. ఆకు పనిచేసేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదట. అక్క ఏడుస్తుంటే చూడలేకపోయాడట. నొప్పి పడేవాళ్ళ బాధ నాలాంటి చదువుకున్నవాళ్ళకి తెలియదట.

అమ్మ అంతా వింది. వేళ్ళు ఒకసారి ముడిచి, తెరిచి చూసుకుంది.

“నీ పెళ్ళానికీ మోకాళ్ళు వాచాయన్నావు కదరా. దానికీ ఇదే పెడుతున్నావా?”

మామయ్య నేల చూపులు చూశాడు.

“దానికి ఉత్త ఆకేనక్కా.”