పేరులేని బటన్లు

మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం బుస్సుమంటూనే ఉంది. ఈ ఇంట్లో పొయ్యికీ కిటికీలకూ తలుపులకూ వంటగది గోడ మీది తెరే దిక్కు. చూపులేని భ్రమరాంబకు ఆ తెర నిన్నటిదాకా అన్నీ చదివి వినిపించేది. ఈ పొద్దున కంపెనీవాళ్లు దాన్ని కొత్తగా మార్చారు.

ఆమె వేలితో ఒక్కొక్కటే జరిపింది.

"బటన్. బటన్. బటన్. బటన్," అంది తెర.

వాటిలో ఒకటి గ్యాస్ కట్టేస్తుంది. ఇంకొకటి నిప్పురవ్వ వేస్తుంది. పక్కగది ఉయ్యాల్లో ఇరవై రోజుల మనవరాలు నిద్రపోతోంది.

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. కిరీటి అనే ఉద్యోగి ఎత్తాడు.

"ఎర్ర బటన్ నొక్కండమ్మా, తొందరగా!"

"ఎరుపేదో తెలిస్తే నీకెందుకు చేస్తాను నాయనా?"

"అయ్యో, సారీ అమ్మా. ఎడమ నుంచి మూడోది."

మూడో బటన్ మీద ఆమె వేలు ఆగిపోయింది. కంటికి కనిపించే వరసలోనే తెర చదువుతుందన్న నమ్మకం లేదు.

"నీ దగ్గరా ఇలాంటి తెర ఉందిగా? కళ్లు మూసుకుని, అది చదివే వరసలో మూడోది నువ్వు నొక్కు."

అవతల టప్‌మని చప్పుడైంది.

"వద్దమ్మా! అది నిప్పురవ్వ!" కిరీటి ఇంకోటి నొక్కి చూశాడు. "ఉండండి... నాలుగోది. గ్యాస్ కట్టేది అదే."

ఆమె నొక్కింది. బుస ఆగింది.

"ఇంకేమైనా సాయం కావాలా అమ్మా?"

"రేపు మా పిల్లకి బారసాల. దానికి మేం పేరు పెట్టేలోపు మీ బటన్లకి మీరు పెట్టండి."