పోగు తెగిన సైగ

శుక్రవారం భివండిలో మగ్గాలు బంద్. అక్కడి మరమగ్గాల షెడ్డులో పనిచేసే నలుగురు పాత దోస్తులు గురువారం సాయంత్రమే కెళ్వా బీచికి చేరి, చేపలు కాల్చుకు తిని, నవ్వి నవ్వి ఇసుకలోనే పడుకున్నారు. అలలు మగ్గాల్లా మోగుతుంటే హాయిగా నిద్రపట్టింది.

నడిరాత్రి ఇస్సాకుకు మెలకువ వచ్చింది. వెన్నెల్లో, నడుంలోతు నీళ్ళలో ఎవరో చెయ్యెత్తి రెండు వేళ్ళు తిప్పుతున్నారు. ‘పోగు తెగింది, రా’ అని. మగ్గాల మోతలో మాట వినబడక వీళ్ళ షెడ్డులో ఈ నలుగురే పెట్టుకున్న సైగ అది.

“ఏంది హనుమాండ్లూ, గిప్పుడు ఈతనా?” ఇస్సాకు నవ్వి, అలవాటుకొద్దీ ‘వస్తున్న’ అని చెయ్యూపాడు.

“నేనీడనే ఉన్న గదరా,” పక్కనే దుప్పట్లోంచి హనుమాండ్లు గొణిగాడు.

ఇస్సాకు తలలు లెక్కపెట్టాడు. తనతో కలిపి నలుగురూ ఒడ్డునే ఉన్నారు.

నీళ్ళలో చెయ్యి దిగింది. కరెంటు పోతే మగ్గాలు ఆగినట్టు, అలలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.