ఫోన్ నంబరు లేని ఫిర్యాదు

సోమవారం చేయవలసిన పనులు ఆమె ముందురోజే కాగితం మీద రాసి పెట్టుకుంది.

మీటరుకు కొత్త బ్యాటరీలు వేయాలి.

జిమ్ము వాళ్ళకు పాటల మోత తగ్గించమని రెండో నోటీసు పంపాలి.

ఉదయం ఏడుకు ముందు డ్రిల్లు మొదలుపెట్టొద్దని రోడ్డు కాంట్రాక్టరుకు మళ్ళీ చెప్పాలి.

పెద్దాయన ఫైలు మూసేయాలి.

నగరపాలక సంస్థలో శబ్దాల విభాగమంటే ఒక గది, మూడు కుర్చీలు, ఒక మీటరు. ఆమె అందులో కొత్త ఇన్‌స్పెక్టరు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. అందుకే రూలు పుస్తకమంటే ఆమెకు భయమూ, భక్తీ రెండూ.

పదిన్నరకు పెద్దాయన రానే వచ్చాడు. ఇది పదకొండో సోమవారం.

“వచ్చాడమ్మా నీ చుట్టం,” అన్నాడు హెడ్ క్లర్కు, తలెత్తకుండానే.

పెద్దాయన ఆమెకు ఎదురుగా కూర్చుని కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

“మా వీధి చివర రేకు డబ్బాలు చేసే షెడ్డు, తల్లీ. ఏమైనా తేలిందా?”

“పోయిన వారం వచ్చి కొలిచాను కదండీ,” అందామె బీరువాలో ఫైలు వెతుకుతూ.

“ఇటు తిరిగి చెప్పు తల్లీ.”

ఆమె తిరిగింది. “మీ గుమ్మం దగ్గర యాభై రెండు డెసిబెల్స్ వచ్చింది. యాభై అయిదు దాటితేనే మేం నోటీసు ఇవ్వగలం.”

“గుమ్మం దగ్గర కాదమ్మా. లోపల, ఆ ప్రెస్సు మిషను పక్కన కొలిచి చూడు. మా అబ్బాయి రోజూ పది గంటలు అక్కడే నిలబడతాడు. వాడి చెవులు పోతాయి.”

“ఫిర్యాదు చేసినవారి గుమ్మం దగ్గరే కొలవాలండీ. రూలు అది.”

“లోపల పనిచేసేవాళ్ళ సంగతి కార్మిక శాఖ చూసుకుంటుంది,” అన్నాడు హెడ్ క్లర్కు వెనకనుంచి.

పెద్దాయన ఆ మాటే పట్టించుకోలేదు. ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఆ మాటే మళ్ళీ చెప్పింది.

“అక్కడికీ వెళ్ళానమ్మా. శబ్దమా, అయితే మీ దగ్గరికే పొమ్మన్నారు.”

“పోనీ ఫోన్ నంబరైనా ఇవ్వండి. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఏదైనా ఉంటే నేనే ఫోన్ చేస్తాను. ఇంత దూరం తిరగడం ఎందుకు?”

“ఫోన్ వద్దులే. నేనే వస్తాను.”

“కాలక్షేపం,” అని గొణిగాడు హెడ్ క్లర్కు.

లేవబోయి పెద్దాయన ఆగాడు.

“ఆ రోజు నువ్వొచ్చినప్పుడు మా మనవరాలు పాడుతోంది కదూ?”

“అవునండీ.”

“ఎలా పాడుతుంది?”

తాతలందరూ ఇంతే అనుకుని ఆమె నవ్వింది. “బాగా పాడుతుందండీ.”

“బాగా అంటే?”

ఈయన ఇప్పట్లో వదిలేలా లేడు. ఆమె గుర్తుచేసుకుంది. “సన్నటి గొంతు. పైకి వెళ్ళినప్పుడు కాస్త వణుకుతుంది. మళ్ళీ తనే సర్దుకుంటుంది.”

“వణుకుతుందా,” అన్నాడాయన మెల్లగా. “మళ్ళీ సర్దుకుంటుందా.”

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఉత్తరాన్ని ఎవరో చదివి పెట్టినట్టు ఆయన మొహం విప్పారింది. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

‘శబ్దం పరిమితి లోపే ఉంది. ఫిర్యాదు ముగించడమైనది,’ అని రాసి, ఆమె ఫైలుకు దారం కట్టింది.

తర్వాతి సోమవారం ఆయన రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

“నీకు పీడ వదిలింది,” అన్నాడు హెడ్ క్లర్కు.

పదిన్నర అయ్యేసరికి మాత్రం ఆమె చూపు తలుపు వైపే పోయేది. తనకు తెలియకుండానే కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేది.

మూడో సోమవారం జిమ్ము ఫైలు కోసం రూలు పుస్తకం తెరిచింది. గుమ్మం దగ్గరే కొలవాలన్న వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. అది పేజీ చివర ఉంది. పేజీ తిప్పితే దాని తర్వాతి వాక్యం కనబడింది.

‘అవసరమనిపిస్తే శబ్దం పుట్టే చోట కూడా కొలవవచ్చు.’

ఆ పేజీ ఆమె ఎప్పుడూ తిప్పలేదు.

మీటరు తీసుకుని నేరుగా షెడ్డుకు వెళ్ళింది. ప్రెస్సు మిషను పక్కన ముల్లు నూట నాలుగు చూపించింది. పెద్దాయన కొడుకును బయటికి పిలుచుకొచ్చింది.

“షెడ్డుకు నోటీసు ఇస్తున్నాం. మీ నాన్నగారితో చెప్పండి.”

“ఏంటండీ?” అన్నాడతను చెవి ముందుకు పెట్టి.

ఆమె గట్టిగా చెప్పింది.

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “నాన్న పోయి పద్దెనిమిది రోజులైందండీ. నిద్రలోనే పోయాడు.”

“ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే కనీసం తెలిసేది,” అంది. “ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు.”

“ఫోనుతో ఆయనకేం పనండీ? ముప్పై ఏళ్ళు ఈ మిషను మీదే చేశాడు. నా పెళ్ళి నాటికే రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట్లాడేవాడు. నువ్వు నోరెత్తితే పని పోతుందిరా, నేను తిరుగుతానన్నాడు. చెవుల సంగతి మాత్రం మీకు తెలియనివ్వొద్దన్నాడు. చెవిటివాడికి శబ్దం గొడవేమిటని నవ్వి పంపేస్తారట.”

ఇప్పుడు ఆ మిషను కింద మందపాటి రబ్బరు పలక ఉంది, చుట్టూ గోడ ఉంది, పనివాళ్ళ చెవులకు మోత ఆపే కప్పులున్నాయి. ఫిర్యాదు ఫారంలో ఫోన్ నంబరు గడి పక్కన ‘ఉంటేనే’ అన్న మాట చేరింది. సాయంత్రం ఇంటికి వెళ్ళిన కొడుక్కి, కూతురి గొంతు పైకి వెళ్ళి ఎక్కడ వణుకుతుందో ఇంకా వినిపిస్తూనే ఉంది.

మీ వీధిలో ఎప్పుడైనా మిషను మోత తగ్గి, ఏ ఇంట్లోంచో ఒక పిల్ల పాట వినబడితే, అలాంటి పాటను పక్క గదిలో ఉండి కూడా ఒక్కసారైనా వినని ఆ పెద్దాయనను కాస్త తలుచుకోండి.