లేవని బాండ్

“బాండ్ లేవట్లేదు సార్. పూర్తిగా పడిపోయింది,” ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూచున్న చైతన్యకృష్ణ ఫోన్లో అరిచాడు.

కిటికీకి ఇవతల ఎండలో నిలబడ్డ మాబు సాహెబ్ చెయ్యి జేబు మీదికి పోయింది. అందులో ఉంది అతని బాండ్. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, లోపల దాచుకున్నందుకు కోల్డ్ స్టోరేజీ వాళ్లు రాసిచ్చే రసీదును ఆ చుట్టుపక్కల అందరూ బాండ్ అనే అంటారు. అతని ఈ ఏటి పంటంతా లోపలే ఉంది. కొన్నవాడి లారీ గేటు దగ్గర ఆగి ఉంది. పొద్దుగూకే లోగా సరుకు ఎత్తకపోతే బేరం లేదని వాడు అప్పుడే చెప్పేశాడు.

“ఏంది బాబూ, బాండ్ పడిపోయిందా?”

“పడిపోయింది పెద్దాయనా. బాండ్ జీరో. పక్కకి జరుగు, గాలి రావట్లేదు.”

“జీరో అంటే?”

“చెప్తే నీకు అర్థమవుద్దా? ఇది లైనక్స్. ట్రాక్టరు కాదు.”

మాబు సాహెబ్ వెనక్కి తిరిగాడు. “మన బాండ్లు జీరో అంట!”

ఆ మాట వెనక నిలబడ్డ రైతుల వరసలో చివరిదాకా పాకింది. గురవమ్మ కొంగు బిగించి వచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది. “మా కాయలు మా మొహాన పారెయ్యండ్రా! నడుం విరగ్గొట్టుకుని పండిస్తే సున్నా అంటారా? మీ నోట్లో మన్ను పడ!”

కోల్డ్ స్టోరేజీ యజమాని అంకమ్మరావు చల్లటి గదిలోంచి బయటికొచ్చాడు. సంగతి విని పొట్ట ఊగేట్టు నవ్వాడు.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది గురవమ్మా! కరెంటు పోయొచ్చాక కంప్యూటరు లేచింది, దాని వైర్లు లేవలేదు. రెండు వైర్లని ఒక జతగా కడితే దాన్ని బాండ్ అంటారంట. ఒకటి తెగినా రెండోది లాగుద్ది. ఆ జతకి పెట్టిన పేరే బాండ్ జీరో. మీ కాయితానికీ దానికీ ఏం సంబంధం? అది పలికితేగాని ఎవరి సరుకు ఏ గదిలో ఉందో తెలీదు. హైదరాబాదు నుంచి ఇంజనీర్ని రప్పించింది ఎవరి కోసమనుకున్నారు?”

వరసలో నవ్వులు లేచాయి. మాబు సాహెబ్ తల దించుకున్నాడు. గురవమ్మ ఊచలు వదిలింది గాని నోరు వదల్లేదు.

“మా ఎద్దులు కాడి కింద పడుకుంటే ములుగర్రతో పొడుస్తాం. నువ్వూ పొడువు అబ్బాయ్, చూస్తా కూచుంటావేం?”

“ఈ జనంతో ఎలా వేగుతున్నారండీ?” అన్నాడు చైతన్యకృష్ణ.

“అలవాటైపోయింది బాబూ,” అంటూ అంకమ్మరావు గదిలోకి పోయాడు.

ఇంజనీరు మళ్లీ తెర మీదికి వంగాడు. మిషన్ బూట్ అయ్యేటప్పుడు బాండ్ పేరుకి లేస్తోంది గాని, దానికింద వైర్లు తగిలించిన రెండు కార్డులూ లేవక వెంటనే పడిపోతోంది. ఒక్కో కార్డు ఫైలూ తెరిచి చూశాడు. రెండింట్లోనూ బూట్‌లో లేవొద్దని రాసి ఉంది.

“ఎవడో తెలివితక్కువవాడు చేతులు పెట్టాడు. పల్లెటూరి పనితనం!” అని నవ్వుకుని, రెండుచోట్లా దిద్ది, మిషన్ ఆపి మళ్లీ లేపాడు. వైర్లు తగిలించిన చోట రెండు పచ్చ దీపాలు మిణుకుమిణుకుమన్నాయి.

అతను కిటికీ రెక్క బార్లా తెరిచాడు. “లేచింది! ఏదీ పెద్దాయనా, నీ కాయితం ఇటు పడెయ్. నీ సరుకు ఏ గదిలో ఉందో చిటికెలో చెప్తా.”

జనం కేక పెట్టారు. మాబు సాహెబ్ రెండు చేతులతో బాండ్ అందించాడు. గేటు దగ్గర లారీ స్టార్టయింది.

ఆ కేకకి అంకమ్మరావు పరుగెత్తుకొచ్చాడు. పచ్చ దీపాలు చూసి అతని మొహం నల్లబడింది. కిటికీ ధడాల్న మూసి, ఇంజనీరు చెవి దగ్గర పళ్లు కొరికాడు.

“వాళ్లకి కనపడేట్టు కూచోమని పిలిస్తే, దాన్ని లేపమని ఎవడు చెప్పాడురా దద్దమ్మా? ఎప్పుడో అమ్మేశా, లోపల ఒక్క టిక్కీ లేదు!”