మేయర్ గారికి శాలువా

“శాలువా ఎక్కడ పెట్టినవ్ ఉదయా? మేయర్ సాబ్ గేటు దాకా వచ్చిండు!” విఠల్ నన్ను కేకేశాడు.

దేశం కాని దేశంలో, క్లేటన్‌లో మేం చదువుకుంటూ పంచుకున్న అద్దె ఇంటికి మర్నాడే ఇంటి ఏజెంటు ఇన్‌స్పెక్షన్. వంటింటి సింకు పైపు మూసుకుపోయి, నీళ్లు నిండి వారమైంది. ఈసారి కూడా ఫెయిలైతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. సింకు సంగతి చూసే వంతు విఠల్‌ది కాబట్టి, అతడు బాధ్యతగా మేయర్‌కి ఒక వినతిపత్రం రాశాడు. మాతో ఉండే ఎవా వాళ్ల నాన్న ఫ్రాన్స్‌లో మేయరు. కూతుర్ని చూడటానికి వచ్చారు.

“ఆయన ఏజెంటుకు ఒక్క ఫోన్ కొడితే చాలు. పవర్ అంటే అది!” అన్నాడు విఠల్.

“మా ఊరి జనాభా తొంభై,” అంది ఎవా.

“అయితేంది? మేయర్ మేయరే.”

మేయర్ గారు వినతిపత్రం శ్రద్ధగా రెండుసార్లు చదివి, చొక్కా చేతులు మడిచారు.

“బకెట్ ఉందా?”

సింకు కింద పడుకుని పైపు విప్పారు. నెలనాళ్ల చారు కరివేపాకుతో సహా బకెట్లోకి దిగింది.

“అయ్యో సర్, మీరెందుకు? మీ ఊళ్లో ఇట్లాంటివి ఎవరు చేస్తరు?”

“మేయరు,” అన్నారాయన కింద నుంచే. “ఆఫీసు తెరిచేది వారానికి రెండు పూటలే. మిగతా రోజులు ఇదే పని.”

విఠల్ వంగి సింకు కిందికి తొంగి చూశాడు. మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆయన లేచి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అడిగారు. ఇల్లంతా వెతికినా శుభ్రమైనది ఒక్కటే ఉంది. విఠల్ కవరు చింపి, శాలువా మడత విప్పి, రెండు చేతులా అందించాడు.

తర్వాత ఎవరూ చెప్పకుండానే బకెట్ ఎత్తుకున్నాడు.