చివర తాగాల్సిన నాయకుడు

ఆ ఏనుగుల మందలో ఒక కట్టుబాటు ఉండేది. మడుగులో ముందు గున్నలు తాగాలి, తర్వాత తల్లులు, అందరూ తాగాక నాయకుడు. కొత్తగా నాయకుడైన గండడికి అది నచ్చలేదు.

"నేనెందుకు చివర తాగాలి అవ్వా? కారణం చెప్పు, వింటాను," అని ముసలి నీలవ్వను నిలదీశాడు.

నీలవ్వకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కారణం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎంత తడుముకున్నా దొరకలేదు.

"పెద్దలు ఊరికే పెట్టరు నాయనా," అంది చివరికి.

"కారణం చెప్పలేనిదంతా చాదస్తమే! ఇక బలమున్నవాడిదే మొదటి గుక్క," అన్నాడు గండడు. మందంతా ఘీంకరించి మెచ్చుకుంది, గున్నల తల్లులతో సహా.

గండడు దిగి, మడుగంతా కలియబెట్టి ఒడ్డెక్కాడు. ఆ బురదే గున్నలు తాగాయి. రోజూ అంతే అయింది.

కొన్నేళ్ళకు నీలవ్వ ఒక గున్నతో అంది: "ఒకప్పుడు ఈ నీళ్ళలోంచి అడుగున గులకరాళ్ళు కనిపించేవే తల్లీ."

"పో అవ్వా, నీకు మతి పోయింది! నీళ్ళలోంచి అడుగు ఎక్కడైనా కనిపిస్తుందా?" అని గున్న పకపకా నవ్వింది.

నీలవ్వ ఆ బురదకేసి చాలాసేపు చూసింది.

"ఏమోనమ్మా, కలగన్నానేమో," అని తొండం ముంచింది.